థర్మాకోల్ లోడు

ఇందుల నేను రాసే ప్రతి మాటా నిజం. బొంతపల్లి వీరభద్రస్వామి మీద ఒట్టు. నా స్టీరింగ్ మీద ఒట్టు, నా రెండు కండ్ల మీద ఒట్టు. నన్నెరిగినోళ్లు ఈ మాట చదివి నవ్వుతరని తెలుసు. పటాన్‌చెరు నుంచి కాజీపల్లి దాక ఏ చాయ్ హోటల్ల అడిగినా, "ఆయన చెప్పిండా? అయితే సగం తీసెయ్యి, మిగిలిన దాంట్ల మళ్ల సగం తీసెయ్యి" అంటరు. ఈ ఒక్కసారికి ఏమీ తీసెయ్యకుండ్రి.

నాది కరెంటు బండి. చిన్న పికప్. ముంగట ఇద్దరు కూసునే జాగ, ఎనుక సామాను పెట్టే ఖాళీ తొట్టి, కింద బ్యాటరీ. అంతే. పాట పెట్టుకుందామంటే రేడియో లేదు. ఏసీ లేదు, గాలి కావాల్నంటే కిటికీ అద్దం చేత్తోని తిప్పి దించుకోవాలె. తెర ఉండాల్సిన తాన ఫోన్ ఇరికించుకునే క్లిప్పు ఒకటి ఉంది. బాడీకి రంగు కూడా వెయ్యలే. బూడిదరంగు ప్లాస్టిక్ పలకలు, అచ్చుల నుంచి ఎట్ల ఊడి వచ్చినయో అట్లనే బిగించిండ్రు. సూడనీకె సర్కారు దవాఖాన మంచం లెక్క ఉంటది. డీజిల్ బండి కంటే చానా తక్కువల వచ్చింది. "ఏందన్నా, దీంట్ల ఏం లేదు?" అని షోరూమాయనను అడిగితే, "లేనిది ఖరాబ్ కాదు గదా సార్" అన్నడు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, మరుసటి దినం నుంచి నేనే కనిపెట్టినట్టు అందరికీ చెప్పుకుంట తిరిగిన.

ముప్పై ఏండ్లు డీజిల్ బండ్లు నడిపినోనికి ఇది ఎట్లుంటదో చెప్పాలె. తాళం తిప్పితే చప్పుడు రాదు. మొదటి దినం స్టార్ట్ కాలేదనుకోని మూడుసార్లు తిప్పిన. ఏందిరా అని ఎక్సిలేటర్ మీద కాలు ఆనిస్తే సప్పుడు లేకుంట ఉరికి మా కాంపౌండు గోడకు గుద్దింది. పలకకు గీత పడ్డది గాని, రంగే లేదు గదా, ఎవలికీ కానరాలే. కాళ్లకు సెగ తగలది. నడుము అదరది. ఇంటికి పోతే అంగి డీజిల్ కంపు కొట్టది. పండుకునే ముందట ప్లగ్గుల పెడితే తెల్లారేసరికి పది గీతలు నిండి ఉంటయి. ఆ గీతలు స్టీరింగ్ ఎనుక చిన్న డబ్బాల కానొస్తయి. ఒక్కో గీత తగ్గుకుంట పోతది.

ఇగ ఇంత మంచి బండి దొరికినంక నా నోరు ఊకుంటదా? మా దోవల ఒక బర్రె నా బండి పక్కపొంటి అర కిలోమీటరు నడిచింది, తోటి బర్రె అనుకున్నది అని చెప్పిన. ఒక కంపెనీ గేటు కాడ సెక్యూరిటీ ఆయన నిద్రల ఉంటే, లోపలికి పోయి, లోడు దించి, వాపస్ వచ్చి, ఆయన గురక ఆపకముందే బయటపడ్డ అని చెప్పిన. ఇవి వినేటోళ్లకు తెలుసు, చెప్పేటోనికి తెలుసు. వీటితోని ఎవనికీ నష్టం లేదు.

నష్టమున్న కథ ఇంకొకటి చెప్పిన.

నా లోడు థర్మాకోల్ డబ్బాలు. పటాన్‌చెరుల ఒక చిన్న యూనిట్ల తయారైతయి. మందులు చల్లగ ఉండనీకె వాటిల్ల పెట్టి పంపుతరు. నేను వాటిని కాజీపల్లి, బొంతపల్లి పక్క కంపెనీలకు ఏసుకపోత. బండి మీద మనిషెత్తు పేర్చి, టార్పాలిన్ కప్పి, తాడుతోని గుంజి కడ్త. చూసేటోనికి బండి కుంగిపోయేంత లోడు ఉన్నట్టు అనిపిస్తది. నిజానికి ఆ మొత్తం లోడును నేనూ నా భార్యా కలిసి ఉత్త చేతులతోని లేపొచ్చు. అంత బరువు లేని సామాను ఏసుకోని పోతే గీతలు జల్దీ తగ్గయి. రెండు ట్రిప్పులు కొట్టినా మూడు మిగుల్తయి.

అయితే కాజీపల్లిల హోటల్ ముందట దిగంగనే డ్రైవర్లు టార్పాలిన్ దిక్కు చూసి, "ఏం అన్నా, ఇంత ఫుల్ లోడుల ఎంత నడుస్తది?" అని అడుగుతరు. ఫుల్ లోడే గదా, అబద్ధం ఏముంది? "జహీరాబాద్ పోయి వాపస్ వచ్చిన, ఇంకా రెండు గీతలున్నయి" అని చెప్పిన. నేను జహీరాబాద్ పోలే. పోయిన అన్నంక, దోవల ఏమేం తిన్ననో, టోల్ గేటు కాడ ఎవనితోని కొట్లాడిననో అన్నీ పుట్టుకొచ్చినయి. అంతటితోని ఊకోలే. "అసలు సంగతి చెప్పాల్నా? ఆఖరి రెండు గీతలు ఊరికె భయపెట్టనీకె పెట్టిండ్రు. అవి పోయినంకనే అసలు రిజర్వ్ మొదలైతది" అన్న. డీజిల్ బండ్లు నడిపినోళ్లం మేమందరం. ముల్లు కిందికి పడ్డంక కూడా ఇంకో ఇరవై కిలోమీటర్లు గుంజుకపోయిన నమ్మకం ఒకటి ప్రతి ఒక్కని ఒంట్ల ఉంటది. అందుకే ఆ మాట అందరికీ ఎక్కింది. మా బావకు కూడా ఎక్కింది.

మా బావ అంటే మా అక్క పెనిమిటి. హత్నూర పక్క పల్లె. ఇరవై రెండేండ్లు కాజీపల్లిల ఒక మందుల కంపెనీల చేసిండు, షిఫ్టు బస్సుల పోవుడు, షిఫ్టు బస్సుల వచ్చుడు. ఎన్నడు పోయిందో తెల్వదు గాని, ఆయనకు వాసన పోయింది. మొదట అన్నం వాసన, తర్వాత వాన పడ్డ మట్టి వాసన, ఆఖరికి ఏదీ లేదు. ఒకసారి వంటింట్ల గ్యాసు లీకై ఇల్లంత నిండితే, ఆయన పక్కనే కూసోని బీడీ కోసం జేబు తడుముకుంటున్నడు. అక్క ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది. దగ్గు ఎక్కువైనంక కంపెనీ వద్దన్నది. అప్పుడు పాల పని మొదలుపెట్టిండు.

ఆ పని ఎట్ల చేస్తరో తెలుస్తెనే మిగతాది అర్థమైతది. తెల్లారక ముందే ఊరి రైతులు పాలు తెచ్చి అక్క ముంగట పెడ్తరు. అక్క ప్రతి చెంబూ ముక్కు కాడికి తెచ్చుకోని చూస్తది. బాగుంటే క్యాన్ల పోస్తది, లేకుంటే చెంబు తిప్పి రైతు చేతిల పెడ్తది. ఒక్క మాట మాట్లాడది. ముక్కు అక్కది, చేతులు బావవి. నిండిన క్యాన్లు ఆయన బండిల ఏసుకోని గంటన్నరల కాజీపల్లి చేరి, చాయ్ హోటల్‌కు, లేబరోళ్ల మెస్సుకు పోస్తడు. అక్క చూసిన చూపు ఆ గంటన్నరకు సరిపోతది. ఆయనకు వాసన రాదన్న సంగతి మా ఇంట్ల తప్ప ఎవలికీ తెల్వదు. తెలిస్తే ఆయన చేతి పాలు ఎవరు పోయించుకుంటరు?

బావ పాత బండి డీజిల్ ట్రాలీ ఆటో. దాని పొగకు దగ్గు, దాని అదురుకు చేతుల వణుకు. డాక్టరు ఆ బండి మానెయ్యమన్నడు. ఒకనాడు కాజీపల్లి హోటల్ల నలుగురి నడుమ కూసున్న నన్ను పక్కకు పిలవకుండనే అడిగిండు.

"బామ్మర్దీ, నేను కూడా గీ బండి తీసుకుందామనుకుంటున్న. నిజం చెప్పు. జెర ఒక్కసారన్న నిజం చెప్పు."

"నేనెప్పుడు అబద్ధమాడిన బావా?"

"మీ అక్కను నాకిచ్చేటప్పుడు ఆడినవు. కోపమే రాదన్నవు."

అందరు నవ్విండ్రు. బావ కూడా నవ్విండు గాని కండ్లు నా మీదనే ఉన్నయి. "ఫుల్ లోడుల జహీరాబాద్ పోయొచ్చిన ముచ్చట నిజమేనా? ఆఖరి గీతల సంగతి?"

నలుగురు వింటున్నరు. మొన్ననే ఆ కథ విన్నోళ్లు అండ్ల ఇద్దరున్నరు. "నా బండి అక్కడే ఉంది, లోడు కూడా ఉంది, నీ కండ్లతోని చూసుకో" అన్న. ఆయన టార్పాలిన్ దిక్కు చూసిండు. తాడు ఇప్పి చూడలే. బామ్మర్ది లోడు ఇప్పి చూసేంత అనుమానం ఆయనకు ఎన్నడూ లేదు.

ట్రాలీ అమ్మేసి కరెంటు బండి తెచ్చుకున్నడు. అచ్చం నా దాని లెక్కనే, అదే బూడిదరంగు. మొదటి వారం ఆయన సంబురం చూడాలె. "చేతులు వణకుతలేవురా, చూడు" అని నిండ పోసిన చాయ్ గ్లాసు పట్టుకోని చూపించిండు. పాలు చిలకవడ్తలేవట, క్యాన్ల అంచుకు వెన్న అంటుతలేదట. దోవ పొడుగునా పిట్టల కూతలు ఇనబడ్తున్నయట. దగ్గు తగ్గింది. మా అక్క నాకు ఫోన్ చేసి, "నీ జన్మకు ఒక మంచి పని చేసినవురా" అన్నది. నేను కాదనలే.

ఒక్కటే తేడా. నాకు రెండు ట్రిప్పులు పోయినా మూడు గీతలు మిగిలేవి. ఆయన పది గీతలతోని బయలెల్లి, ఇరవై క్యాన్ల పాలతోని కాజీపల్లి చేరేసరికే మూడు గీతలు మిగిలేవి. హోటల్ ప్లగ్గుల పెట్టుకోని, నిండినంక ఇంటికి పోయేటోడు. "పాలు బరువు గదా" అని ఆయనే సర్ది చెప్పుకున్నడు. నేను ఊకున్న.

ఎండలు ముదిరిన దినాలు. ఒక సాయంత్రం గాలివాన వచ్చి వాళ్ల ఊరి దిక్కు కరెంటు తీగలు తెగినయి. కరెంటు వచ్చేసరికి కోడి కూసింది. పాలు నింపే వేళకు బండిల ఆరు గీతలే ఉన్నయి. కాజీపల్లి చేరాల్నంటే ఏడు కావాలె.

బావ నాకు ఫోన్ చేసిండు. నేను పటాన్‌చెరుల, థర్మాకోల్ యూనిట్ గేటు ముందట, చాయ్ బండి కాడ ఉన్న.

"ఆరే ఉన్నయి బామ్మర్దీ. నువ్వు చెప్పిన ఆఖరి గీతల సంగతి నిజమే గదా? పోవచ్చునా?"

"వద్దు బావా. అది ఊరికె చెప్పిన కథ. సగం క్యాన్లు దించిపెట్టు. మిగిలిన సగంతోని నిమ్మలంగ పో. చేరుతవు."

"దించిన పాలు ఏం చెయ్యాలె? రైతులకు ఏం చెప్పాలె?"

"పెరుగు తోడెయ్యుండ్రి. ఏమన్న చెయ్యుండ్రి. ఫుల్ లోడుతోని మాత్రం పోకు."

ఆయన ఇనలే. ఇరవై క్యాన్లూ ఏసుకోని బయలెల్లిండు. బొంతపల్లి ఇంకా కొంత దూరం ఉందనంగ, ఎత్తు ఎక్కే కాడ ఆఖరి గీత పోయింది. రిజర్వ్ మొదలు కాలే. బండి మెల్లగ, ఎవలినీ లేపకుండ ఆగాల్నన్నట్టు ఆగింది.

డీజిల్ బండైతే ఎవడో ఒకడు సీసాల తెచ్చి ఇంత పోస్తడు. దీనికేం పోస్తవు? దోవల పోయేటోళ్లు ఆగి బానెట్ ఎత్తమన్నరట. ఎత్తి చూపిస్తే లోపల చూడనీకె ఏం లేదు. ఒకాయన ట్రాక్టరుకు తాడు కట్టి పంచర్ షాపు దాక గుంజుకపోయిండు. షాపాయన మంచోడు, తన ఫ్యాన్ పీకేసి ఆ ప్లగ్గు ఇచ్చిండు. ఆ సన్న వైరుల గీత ఎక్కనీకె ఎంత సేపు పడ్తది? బావ క్యాన్ల మీద తడిపిన గోనెసంచులు కప్పి, నీళ్లు చల్లుకుంట కూసున్నడు. ఎండ సంచుల మీదికి వచ్చింది. సంచులు ఎండినయి. మళ్ల తడిపిండు.

నేను తొమ్మిదింటికి కాజీపల్లిల లోడు దించి హోటల్‌కు పోతే, హోటలామె ప్యాకెట్ పాలతోని చాయ్ పెడ్తున్నది. ఆమెది కోస్తా దిక్కు. పెనిమిటికి ఇక్కడ ఫ్యాక్టరీల కొలువై ఎన్నడో వచ్చి ఇక్కడనే ఉండిపోయిండ్రు. మాట కూడా ఇంకా అటుదే.

"మీ బావగారు ఇవాళ ఇంకా రాలేదండీ. ఒకసారి ఫోన్ చేసి చూడండి."

చేసిన. "చార్జింగ్ పెట్టిన, వస్తున్న" అన్నడు. గొంతు మామూలుగనే ఉన్నది. నేను "జల్దీ రా" అన్న.

ఎండ నడినెత్తికి ఎక్కుతుండంగ వచ్చిండు. అంగి మొత్తం తడిసి ఒంటికి అతుక్కున్నది. ఏం కానట్టే క్యాను దించి, మూత తీసి, ఎప్పటి లెక్కనే కొలపాత్ర ముంచిండు. పాలు తెల్లగనే ఉన్నయి. చూసేటోనికి ఏం తేడా లేదు. నాలుక మీద ఒక చుక్క ఏసుకున్నా తెలిసేది. ఏసుకోలే. పొద్దుగాల అక్క చూసింది గదా.

నాకు నాలుగడుగుల దూరంల తెలిసింది. నోరు తెరిచేసరికే హోటలామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది.

"అన్నయ్యగారూ, మూత తీయగానే తెలిసిపోతోంది కదండీ! మీకు వాసన రాలేదా?"

బావ ఆమెను చూసిండు. తర్వాత క్యాను లోపలికి చూసిండు. చాయ్ తాగేటోళ్లు గ్లాసులు ఆపి ఈయననే చూస్తున్నరు. అడిగినదాన్ల తిట్టు లేదు, ఆమె నిజంగనే అడిగింది. దానికి ఏం చెప్పినా ఇరవై రెండేండ్ల సంగతి చెప్పాల్సొస్తది. ఆయన రెండో క్యాను మూత తీసి, వంగి, ముక్కు దాని అంచుకు ఆనించి గాలి గుంజిండు. మళ్ల గుంజిండు. చాయ్ తాగేటోళ్లల్ల ఒకడు, "గింత దగ్గర పెట్టుకున్నా తెలుస్తలేదా ఏంది?" అన్నడు. అప్పుడు అందరికీ తెలిసింది.

మెస్సాయన ఎదురుంగనే ఉంటడు, ఆయన కూడా వచ్చి చూసిండు. ఎవలూ లొల్లి పెట్టలే. లొల్లి పెడితే బాగుండు. "రేపటి నుంచి వేరే చోట చూసుకుంటామండీ. ఏమీ అనుకోకండి" అన్నది హోటలామె. ఇరవై క్యాన్లూ ఎనుక మురుగు మోరీల పారబోసినం. నేను సగం, బావ సగం. క్యాను వంచినప్పుడల్ల నేను మొఖం పక్కకు తిప్పుకున్న. ఆయనకు ఆ అవసరం లేదు.

ఆ పగలే బావతోని వాళ్లింటికి పోయిన. అక్క వాకిట్ల నిలబడి ఉంది. కాజీపల్లిల పని చేసే మా ఊరోళ్లు ఎవరో ఫోన్ చేసి చెప్పేసిండ్రు. ఆమె బావను ఒక్క మాట అనలే. నా దిక్కు తిరిగింది.

"నీ జహీరాబాద్ కథ విని తెచ్చిండురా ఆ బండి. ఆఖరి గీతలు, ఆఖరి గీతలు అనుకుంట పొద్దుగాల కూడా నీ పేరు చెప్పే ఎక్కిండు. నీ నోరు పడిపోను. ఒక్క మనిషికన్నా ఒక్క నిజం చెప్పినవారా బతుకుల?"

నేనేదో అనబోయిన. బావ ఖాళీ క్యాన్లు దించుకుంటనే అన్నడు.

"ఊకో. వాడు ఫోన్ల చెప్పిండు. సగం దించమన్నడు. నేనే ఇనలే."

అక్క నన్ను చూసింది. "నిజంగనా?"

నేను తల ఊపిన. అక్క కొంగుతోని మొఖం తుడుసుకోని లోపలికి పోయి, నాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది. బావ బాయి కాడికి క్యాన్లు మోసుకపోయి ఒక్కొక్కటే పీచు పెట్టి రుద్దుతున్నడు. ఎంత సేపు రుద్దాల్నో ఆయనకు తెల్వదు. అక్క పోయి ఒక్కో క్యాన్ల తల పెట్టి, "ఇగ చాలు" అని చెప్పింది.

పాల లైను పోయింది. ముక్కు లేనోని పాలు అన్న మాట ఒక్క వారంల రెండు మండలాలు తిరిగింది. రైతులు వేరేటాయనకు పోస్తున్నరు. బండిని ఒక బ్రెడ్డు, రస్కులు ఏసుకపోయేటాయన కొనుక్కున్నడు. మొన్న కలిసిండు. "అన్నా, బంగారం లాంటి బండి! ఎంత నింపినా గీత తగ్గది" అన్నడు. అది నిజమే. ఆ బండిల ఏ తప్పూ లేదు. దాంతోని ఏమైతదో ఏం కాదో ఉన్నదున్నట్టు చెప్తె దాని కంటె మంచి బండి ఈ రోడ్ల మీద లేదు. నేను ఇంకా నాదే నడుపుతున్న.

బావ ఇప్పుడు ఒక గోదాము గేటు కాడ కూసుంటడు. వచ్చే పోయే బండ్ల నంబర్లు రాసుకుంటడు. నా బండి కూడా రాసుకుంటడు. "లోడు ఏంది?" అని అడగాలె, అది ఆయన డ్యూటీ. "థర్మాకోల్" అంటె, రాసుకోని గేటు ఎత్తుతడు. మళ్ల ఎన్నడూ నన్ను బామ్మర్దీ అని ఎకసెక్కమాడలే.

ఇగ నేను కల్పించింది ఏదో చెప్పాలె. బర్రె సంగతి కాదు, సెక్యూరిటీ ఆయన సంగతి కాదు, అవి కథలని ముందే చెప్పిన. ఫోన్ల నేను అన్న మాటలు. వద్దు బావా, సగం దించు, పెరుగు తోడెయ్యుండ్రి. అవేవీ నేను అనలే. అక్క ముంగట నన్ను కాపాడనీకె బావ అప్పటికప్పుడు పుట్టించిన అబద్ధం అది. ఆయన నోట నేనిన్న అబద్ధం అదొక్కటే. దాన్ని నేను ఇంటికి తెచ్చుకోని, నిమ్మలంగ పొమ్మన్న అని ఒకటి, పెరుగు అని ఒకటి నావి కలిపి, ఇన్ని దినాలుగా అందరికీ చెప్తున్న. బావ ఫోన్ చేసింది నిజం. రెండుసార్లు చేసిండు. చాయ్ బండి కాడ ఆ పొద్దు ఇద్దరు కొత్త డ్రైవర్లున్నరు, బీహారోళ్లు, నోరు తెరుచుకోని వింటున్నరు. ఫోన్ల బావ పేరు చూసి, బోర్లించి బెంచీ మీద పెట్టిన. రెండోసారి మోగేటప్పటికి కథల నేను జహీరాబాద్ టోల్ గేటు కాడ కొట్లాడుతున్న. నడుమల ఆపబుద్ధి కాలే.